బట్టీల జంక్షన్ టిక్కెట్టు

“వైకుంఠం! ఒరే వైకుంఠం! దువ్వింది చాల్లేరా, బస్సు ఎల్లిపోతాంది!”

ఆకుకూరలు అమ్ముకునే నూకరత్నం బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి కేక వేసింది. దువ్వెన జేబులో దోపుకుంటూ పరిగెత్తుకొచ్చి, కదులుతున్న బస్సు ఎక్కాడు వైకుంఠం.

ఈ వైకుంఠం పట్నం చివర కొండవాలు కాలనీలో ఉండేవాడు. మనసు మంచిదే గాని, నలుగురూ తనను తెలివైనవాడు అనాలని తెగ ఆరాటపడేవాడు. పాత బస్టాండు దగ్గర ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో అతని పని. రోజంతా ఎవరెవరివో పెళ్ళి ఫొటోలకు అద్దాలు బిగిస్తూ, తన పెళ్ళి ఫొటోకి ఏ రంగు ఫ్రేము బాగుంటుందా అని కలలు కనేవాడు. ఆ ఫొటోలో తన పక్కన నిలబడే మనిషి ఎవరో కూడా అతనికి తెలుసు. ఆ మనిషికే తెలీదు.

ఆమె పేరు హైమ. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో ఎడమకాలు దెబ్బతిని, చంక కింద కర్ర పెట్టుకుని నడిచేది. బస్సు సరిగ్గా ఆమె ఇంటి గేటు ముందు ఆగేది. డ్రైవరు వెనకాల మొదటి సీటు ఆమెది. ఆ సీటు ఇమ్మని ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరూ కూర్చునేవారు కాదు.

కొండవాలుకు ఉన్నది ఆ ఒక్క బస్సే. పొద్దున్న ఏడూ నలభైకి కొండ ఎక్కి వచ్చేది. కాలనీ జనాన్ని ఎక్కించుకుని, రెండు కిలోమీటర్ల గతుకుల దారి దిగి బట్టీల జంక్షన్ చేరేది. అక్కడ బిలబిలమంటూ ఇంకో నలభై మంది ఎక్కేవారు. జంక్షన్ దాటాక ఒక మలుపు ఉంది. ఆ మలుపులో ఒక్క క్షణం సముద్రం కనిపించేది, ఎవరో వెండిరేకు విప్పి మళ్ళీ చుట్టేసినట్టు. ఆ ఒక్క క్షణంలో హైమ కిటికీ వైపు తిరిగేది. వైకుంఠం హైమ వైపు తిరిగేవాడు. సముద్రాన్ని అతను సరిగ్గా చూసింది ఎన్నడూ లేదు.

ఆ బస్సులో కండక్టరు సన్యాసిరావు. రిటైరవడానికి ఇంకో ఏడాది లేదు. మోకాళ్ళ నొప్పులు. గతుకుల దారిలో ఊగిపోతూ టిక్కెట్లు కొట్టడం అతని వల్ల అయ్యేది కాదు. అందుకని జంక్షన్ దాటి మంచి రోడ్డు ఎక్కాకే మిషను చేతిలోకి తీసుకుని, “ఎక్కడ ఎక్కారు బాబూ, ఎక్కడ ఎక్కారమ్మా?” అని అడుగుతూ వచ్చేవాడు. జనం ఏది చెబితే అదే కొట్టేవాడు. మనుషుల మీద అంత నమ్మకం.

ఒకరోజు వైకుంఠం వెనక సీట్లో కూర్చుని ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. సన్యాసిరావు వచ్చి, పరాగ్గా, “బట్టీల జంక్షనేనా బాబూ?” అన్నాడు. వైకుంఠం తల ఊపాడు. కొండవాలు నుంచైతే ఇరవై రూపాయలు. జంక్షన్ నుంచి పదిహేనే. మధ్యలో ఒక స్టేజీ తేడా. చేతిలో మిగిలిన ఐదు రూపాయల బిళ్ళ చూసుకుని వైకుంఠానికి లోకాన్ని గెలిచినంత సంబరం వేసింది.

అది తనలో దాచుకుంటే అక్కడితో పోయేది. కానీ తెలివిని దాచుకుంటే తెలివైనవాడు అనేదెవరు? ఆ సాయంత్రమే టీ బడ్డీ దగ్గర చెప్పేశాడు.

“పొద్దున్న జంక్షన్‌లో ఎక్కామని చెప్పండి. సాయంత్రం జంక్షన్ దాకానే టిక్కెట్టు తీసుకోండి. అది రాగానే దిగకుండా కళ్ళు మూసుకుని పడుకోండి. అంతే!”

“బుర్రంటే నీదేరా వైకుంఠం!” అన్నారు అందరూ.

ఆ మాట అతని చెవిలో తేనె పోసినట్టయింది. నెల తిరిగేసరికి కాలనీ అంతటికీ ఆ కిటుకు పాకిపోయింది. సాయంత్రం బస్సు బట్టీల జంక్షన్ చేరేసరికి సగం బస్సు గుర్రుపెట్టి నిద్రపోయేది. కొండ ఎక్కగానే అందరికీ ఒక్కసారే మెలకువ వచ్చేది.

ఆడవాళ్ళకు ఆ బస్సులో ఉచితమే. మిషనులోంచి సున్నా టిక్కెట్టు వచ్చేది. అయినా వాళ్ళూ జంక్షన్ అనే చెప్పేవారు. నలుగురూ అంటున్న మాట నోటికి అలవాటైపోయింది. “సున్నాకి జంక్షనైతే ఏటి, కొండైతే ఏటి బాబూ?” అనేది నూకరత్నం.

ఒక్క హైమ మాత్రం వైకుంఠాన్ని అడిగింది. “అందరూ ఎక్కనిచోట ఎక్కామని చెబుతున్నారు. తప్పు కాదా అండీ?”

ఈ కిటుకు ఎవరిదో ఆమెకు తెలీదని వైకుంఠానికి అప్పుడే అర్థమైంది. నాదేనని చెప్పబోయి, ఎందుకో ఆగాడు. “బస్సుకేం తక్కువైందండీ? ఎలాగూ వస్తుంది కదా!” అని నవ్వేశాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున్న బస్సులో డ్రైవరు వెనక అద్దం మీద ఒక కాగితం అంటించి ఉంది. ముందు సీట్లో ఉన్నది హైమ కాబట్టి ఆమే పైకి చదివింది.

“కొండవాలు కాలనీ నుంచి ప్రయాణికులు లేనందున, వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఈ బస్సు బట్టీల జంక్షన్ వరకే నడుపబడును.”

బస్సంతా ఒక్కసారి గొల్లుమంది.

“ప్రయాణికులు లేరా? మరి మనమెవరం, దెయ్యాలమా?”

“నా గంప ఎవరి నెత్తి మీద ఎక్కుతోంది రోజూ?” అంది నూకరత్నం.

అందరూ నవ్వుతున్నారు. హైమ నవ్వలేదు. ఆమె కర్ర వైపు చూసుకుంది. కిటికీలోంచి ఆ రెండు కిలోమీటర్ల దారిని చూసింది. రాళ్ళు, వాలు, వానొస్తే బురద. ఆటోవాడు అటు వంద, ఇటు వంద అడుగుతాడు. ఆమె జీతంలో సగం అక్కడే పోతుంది.

“నేను పని మానుకోవాలి కాబోలు,” అంది మెల్లగా, ఎవరితోనూ కాదు, ఆ అద్దంతో అన్నట్టు.

కాగితం చూద్దామని ముందుకొచ్చిన వైకుంఠానికి ఆ మాట వినబడింది. ఆరోజు మలుపులో సముద్రం కనిపించినా హైమ తల తిప్పలేదు.

మర్నాడు కాలనీ జనం పదిహేను మంది డిపోకి వెళ్ళారు. హైమ వచ్చింది, నూకరత్నం వచ్చింది, వైకుంఠం కూడా వచ్చాడు. డిపో మేనేజరు నడివయసు ఆవిడ. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని అందరినీ కూర్చోమంది. సన్యాసిరావును కూడా పిలిపించింది. కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది.

“చూడండి. మూడు నెలల నుంచి మీ కొండవాలు స్టేజీలో రోజుకు నాలుగు టిక్కెట్లు. ఒక్కోరోజు మూడు. ఈ నాలుగు టిక్కెట్ల కోసం అంత పెద్ద బస్సు అంత కొండ ఎక్కాలా? అదే సమయానికి పాలెం వైపు జనం ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. ఆ బస్సు వాళ్ళకిద్దామనుకున్నాం.”

“అన్యాయం తల్లీ! నేను రోజూ ఎక్కుతాను!” అంది నూకరత్నం.

“ఏదీ, నిన్నటి టిక్కెట్టు ఉంటే చూపించమ్మా.”

నూకరత్నం బొడ్లోంచి డబ్బుల చిక్కం తీసి, అందులోంచి నలిగిన కాగితం ముక్క తీసి ఇచ్చింది. మేనేజరు దాన్ని సాపు చేసి చదివింది. “బట్టీల జంక్షన్ నుంచి రైతుబజారు. సున్నా. నువ్వు జంక్షన్‌లో ఎక్కినట్టే కదమ్మా?”

“సున్నాయే కదా అని...”

“సున్నా టిక్కెట్టుకీ లెక్క ఉంటుంది. ఎంతమంది ఎక్కారు, ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, అన్నీ ఈ మిషను చెబుతుంది. డబ్బులు పదిహేనా ఇరవయ్యా అన్నది తర్వాత సంగతి. ఏ దారిలో బస్సు తిరగాలో మాకు చెప్పేది ఈ టిక్కెట్లే. మీ కాలనీకి నేనొచ్చి గుమ్మం గుమ్మం తిరిగి చూడలేను కదా?”

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

హైమ అంది, “మేడమ్, నేను రెండేళ్ళుగా కొండవాలులోనే ఎక్కుతున్నాను. ఒక్కరోజు కూడా జంక్షన్ అనలేదు.”

“మీ దగ్గర పాసు ఉందామ్మా?”

“ఉంది, కాలు బాగోలేదని ఎప్పుడో ఇచ్చారు.”

“పాసు ఉన్నవాళ్ళకి ఆ బస్సులో టిక్కెట్టు కొట్టరు. అందుకని మీరు ఈ తెర మీద కనబడరు.” మేనేజరు గొంతు కొంచెం మెత్తబడింది. “ఒక్కరోజూ అబద్ధం చెప్పని మనిషి మీరు. మీరే కనబడకుండా పోయారు.”

వైకుంఠానికి గుండెలో గాజుపెంకు గుచ్చుకున్నట్టయింది.

మేనేజరు సన్యాసిరావు వైపు తిరిగింది. “ఎక్కినచోటు చూసుకుని టిక్కెట్టు కొట్టాలని ముప్పై ఏళ్ళ సర్వీసులో మీకు తెలీదా? కాలనీ కాలనీ అంతా ఒకే అబద్ధం ఎలా చెబుతుంది? ఎవరు మొదలుపెట్టారిది?”

జనం నేల చూశారు. సన్యాసిరావు ఒక్కసారి వైకుంఠం వైపు చూశాడు. ‘బట్టీల జంక్షనేనా బాబూ?’ అని తాను అడిగిన రోజు అతనికి గుర్తుందో లేదో. వైకుంఠం చప్పున తల దించుకున్నాడు. నేనే అన్న రెండక్షరాలు గొంతు దాకా వచ్చాయి. పక్కనే హైమ ఉంది. వచ్చినవి వచ్చినట్టే లోపలికి జారిపోయాయి.

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు సన్యాసిరావు. “మోకాళ్ళ నొప్పి. గతుకుల్లో నిలబడలేక జంక్షన్ దాటాకే మిషను తీస్తున్నాను. వాళ్ళననేం లాభం?”

మేనేజరు నిట్టూర్చింది. “ఇరవై రోజులు టైమిస్తున్నాను. రోజూ కొండవాలులో కనీసం ముప్పై మంది నిజంగా ఎక్కుతున్నారని ఈ తెర నాకు చెప్పాలి. చెబితే బస్సు ఉంటుంది. లేకపోతే లేదు. పాసు ఉన్నవాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాయించండి. సన్యాసిరావు గారూ, మీ మీద మాత్రం నేను రిపోర్టు రాయక తప్పదు.”

ఆ మర్నాటి నుంచి బస్సు రంగే మారిపోయింది. వైకుంఠం ఇంటింటికీ తిరిగి అందరినీ పోగుచేసేవాడు; కొండవాలులో ఐదు నిమిషాలు ముందే అందరూ సీట్లలో ఉండేవారు. బస్సు కదలకముందే సన్యాసిరావు టిక్కెట్లు కొట్టేసేవాడు. వైకుంఠం ఒక చేత్తో అతని సంచీ పట్టుకుని, రెండో చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని సీటు సీటుకీ నడిపించేవాడు.

“నాకు కొండవాలు టిక్కెట్టు!” అని ఇరవై రూపాయల నోటు జెండాలా ఊపేవాళ్ళు మగవాళ్ళు.

“బాబూ, నా సున్నా కొండవాలు సున్నా!” అని వేలు చూపించి బెదిరించేది నూకరత్నం. “జంక్షన్ సున్నా ఇచ్చావంటే ఊరుకోను, ఆఁ!”

సాయంత్రం జంక్షన్‌లో ఎవరూ నిద్రపోవడం లేదు. ఒకాయనకు నిజంగానే కునుకు పట్టింది పాపం, నలుగురూ కుదిపి లేపి, “టిక్కెట్టు చూపించు” అన్నారు.

హైమ పాసు ఉన్న తొమ్మిది మంది పేర్లు చక్కటి దస్తూరీతో రాసింది. మొదటి పేరు ఆమెదే. ఒకరోజు వైకుంఠంతో అంది, “మీరు లేకపోతే ఇంతమందిని ఎవరు కూడగట్టేవారండీ? నా ఉద్యోగం మీరే నిలబెడుతున్నారు.”

ఈ మాట కోసమే కదా అతను ఏడాదిగా కలలు కన్నది! కానీ ఆ మాట తేనెలా లేదు. వేపాకు నమిలినట్టుంది. ‘కాదండీ, అసలు పడగొట్టింది నేనే’ అని చెప్పాలనుకున్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడు కూడా రేపే అనుకున్నాడు. ఫ్రేముల దుకాణంలో ఒక అద్దం తప్పు కోశాడు, ఇంకోటి పగలగొట్టాడు. ఏ పెళ్ళి ఫొటో చూసినా అందులోంచి పెళ్ళికొడుకు, “చెప్పావా?” అని అడుగుతున్నట్టే ఉండేది.

ఇరవయ్యో రోజు రానే వచ్చింది. కొండవాలులో బస్సు ఆగేసరికి స్టాపులో చేతిసంచీతో డిపో మేనేజరు నిలబడి ఉంది. ముందురోజు చీకటి పడ్డాక ఆటోలో వచ్చి కాలనీలో చుట్టాలింట్లో ఉందట. ఎవరితోనూ మాట్లాడకుండా ఎక్కి, హైమ పక్కన కూర్చుంది. తనూ ఒక సున్నా టిక్కెట్టు తీసుకుంది. బస్సు గతుకుల్లో పడుతూ లేస్తూ దిగింది. నూకరత్నం గంప గట్టిగా పట్టుకుని ఏ దేవుణ్ణో తలుచుకుంటోంది. హైమ వేళ్ళు కర్ర మీద తెల్లబడిపోయాయి.

బట్టీల జంక్షన్ రాగానే మేనేజరు లేచి నిలబడింది. సన్యాసిరావు చేతిలోంచి మిషను తీసుకుని మీటలు నొక్కింది.

“ఈరోజు కొండవాలులో టిక్కెట్లు నలభై ఒకటి. పాసులు తొమ్మిది. ఇరవై రోజుల్లో ఏ ఒక్కరోజూ ముప్పై ఐదుకు తగ్గలేదు.” కళ్ళజోడు సర్దుకుంది. “బస్సు ఎక్కడికీ పోదు. మీ కొండకే వస్తుంది.”

అమ్మయ్య! బస్సంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో ఈల వేశారు. నూకరత్నం కొత్తిమీర కట్ట తీసి అందరి నెత్తిన అక్షింతల్లా నీళ్ళు చిలకరించింది. హైమ తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమె భుజాలు ఇరవై రోజుల తర్వాత కిందికి దిగాయి.

“అంతా మన వైకుంఠం పుణ్యమే!” అన్నారెవరో. “బుర్రంటే వీడిదేరా!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే మేనేజరు సంచీలోంచి ఒక కాగితం తీసి సన్యాసిరావుకు ఇచ్చింది. “ఇది మీ రిపోర్టు. నాకూ బాధగానే ఉంది. మీ నిర్లక్ష్యం వల్ల జరిగిందని రాశాను. ఇక్కడ సంతకం పెట్టండి.”

సన్యాసిరావు కాగితం అందుకున్నాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగింది. సముద్రం మెరిసింది. హైమ కళ్ళు తెరిచి అటు చూసింది. ఈసారి వైకుంఠం ఆమెను చూడలేదు. ఆ ముసలి చేతిలోని పెన్నును చూశాడు.

“ఆగండి!” అన్నాడు. బస్సు అద్దాలు అదిరేటట్టు వచ్చింది ఆ మాట.

చప్పట్లు ఆగిపోయాయి. వైకుంఠం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళు వణుకుతున్నాయి. “సంతకం పెట్టకండి సన్యాసిరావు గారూ. మేడమ్, ఈ జంక్షన్ కిటుకు నాది. ఐదు రూపాయలు మిగిలాయని మొదట చేసింది నేను. తెలివైనవాడు అంటారని అందరికీ నేర్పింది నేను. ఆరోజు డిపోలో మీరడిగితే, ఈయన నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే, నోరు మూసుకున్నదీ నేనే.” అప్పుడు హైమ వైపు తిరిగాడు. “ఎలాగూ వస్తుంది కదా అన్నాను గుర్తుందాండీ? మీ బస్సు ఆగిపోబోయింది నా వల్లే.”

మేనేజరు కాసేపు అతన్ని తేరిపార చూసి, కాగితం వెనక్కి తీసుకుని సగానికి చింపింది. “కొత్తది రాస్తాను. ఆయనకు ఒక హెచ్చరిక చాలు. నీకు మాత్రం తప్పుడు టిక్కెట్టుకి జరిమానా ఉంది, రేపు డిపోకొచ్చి కట్టు.”

“కడతాను మేడమ్,” అన్నాడు వైకుంఠం. ఇరవై రోజుల బరువు దిగి అతనికి ఒళ్ళంతా తేలికైపోయింది.

“ఓరి నీ తెలివి తగలెయ్యా!” అంది నూకరత్నం, నవ్వుతూనో తిడుతూనో ఎవరికీ తెలీలేదు.

హైమ మాత్రం కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పాత బస్టాండు ఇంకో రెండు స్టాపుల దూరం ఉందనగా మేనేజరు డిపో దగ్గర దిగిపోయింది. ఖాళీ అయిన సీటుకి అడ్డంగా ఉన్న తన కర్రను హైమ తీసి ఇటు పెట్టుకుంది.

“కాళ్ళు వణుకుతున్నాయిగా,” అంది. “కూర్చోండి. ఇంకెప్పుడూ నా దగ్గర తెలివి చూపించకండి. నిజం చాలు.”

నలుగురిదైన బస్సును దొంగ తెలివితో వాడుకుంటే అది నలుగురికీ దూరమవుతుంది. తప్పు నాదేనని నలుగురి ముందు ఒప్పుకున్నవాడికే మళ్ళీ వాళ్ళ పక్కన చోటు దొరుకుతుంది.